‘నెట్ రావట్లేదు’ అని ఫోన్ చేసే ముందు: గోడ నుంచి ఫోన్ దాకా ఒక్కో మాటా పట్టుకుందాం

మా అక్కవాళ్లు ఖమ్మంలో ఉంటారు. ఇంట్లో నెట్ ఆగినప్పుడల్లా మా బావ నాకు ఫోన్ చేసి అనేది ఒకటే మాట: "ఒరేయ్, నెట్ రావట్లేదురా." కస్టమర్ కేర్‌కి చేసినా అదే మాట. డాక్టర్ ముందు కూర్చుని "ఒంట్లో బాలేదండీ" అని ఊరుకుంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు? అందుకే అవతలివాళ్లు కూడా అందరికీ ఒకటే మందు రాస్తారు: "ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్."

నెట్ రాకపోవడమంటే ఒక జబ్బు కాదు, కనీసం ఐదారు జబ్బులు. ఏది ఎక్కడ తెగిందో చెప్పాలంటే కొన్ని మాటలు తెలియాలి. రౌటర్, ఐపీ, డీఎన్ఎస్, పింగ్, బ్యాండ్ లాంటివి. వీటిని పోటీ పరీక్షల గైడులో ఉన్నట్టు అక్షర క్రమంలో చదివితే సాయంత్రానికి ఒక్కటీ గుర్తుండదు. నేను చెప్పే పద్ధతి వేరు. ఒక కాగితం, పెన్ను, మీ ఫోను, వీలైతే ఒక ల్యాప్‌టాప్ తీసుకోండి. నెట్ బాగా నడుస్తున్న రోజే, ఆదివారం పూట ఓ గంట కేటాయించండి. వైరు ఇంట్లోకి వచ్చే చోట మొదలుపెట్టి ఫోన్ దాకా నడుద్దాం. ఏ మాట ఎక్కడ కాపురముంటుందో అక్కడే దాన్ని పలకరిద్దాం.

1. గోడ దగ్గర నిలబడండి

కిటికీ సందులోంచో, కేబుల్ టీవీ వైరు పక్కనుంచో ఒక సన్నటి నల్ల తీగ లోపలికి వస్తుంది. అది ఫైబర్. లోపల రాగి ఉండదు, గాజు పోగు ఉంటుంది. ఆ పోగు మందం 125 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక కంటే కాస్త లావు. దాని నడిమధ్య 9 మైక్రాన్ల దారిలో కాంతి పరుగెడుతుంది. మీకు వచ్చేదీ మీరు పంపేదీ ఒకే పోగులో ఎదురెదురుగా పోతాయి. ఒకదానికొకటి అడ్డం రాకుండా రెండింటికీ వేర్వేరు రంగుల కాంతి వాడతారు. రెండూ మన కంటికి కనపడనివే. అందుకే ఊడిన ఫైబర్ కొసను కంటి దగ్గర పెట్టుకుని "లైటు వస్తోందా" అని చూడకండి. కనపడకపోయినా అది లేజర్.

ఆ తీగను గుండ్రంగా చుట్టి ఉంచొచ్చు, కానీ బట్టలారేసే తాడులా మడిచి మేకుకు కట్టకూడదు. ఎక్కువ వంచితే కాంతి ఒంపు దగ్గరే బయటికి కారిపోతుంది. సోఫా వెనక్కి జరిపిన రోజే నెట్ పోయిందంటే ముందు అనుమానించాల్సింది ఇదే.

తీగ వచ్చి చేరే డబ్బాను అందరం ‘మోడెమ్’ అంటాం. పాత ఫోన్ లైన్ల కాలం నాటి మాట అది, అలవాటుగా ఉండిపోయింది. కేబుల్ అబ్బాయి దాన్ని ‘ఓఎన్‌యూ’ అంటాడు. కాంతి సంకేతాన్ని మామూలు నెట్‌వర్క్ సంకేతంగా మార్చడం దాని పని. ఈ రోజుల్లో అదే డబ్బాలో రౌటర్, వై-ఫై కూడా కలిసే వస్తున్నాయి కాబట్టి ఒక డబ్బాకి మూడు ఉద్యోగాలు.

ఇప్పుడు దాని లైట్లు చూసి కాగితం మీద రాసుకోండి. అన్నీ బాగున్న రోజు రాసుకోవడం ముఖ్యం, పోల్చుకోడానికి.

‘పాన్’ లైటు కదలకుండా పచ్చగా ఉంటే డబ్బా మీ ఆపరేటర్ పరికరంతో మాట్లాడుతోంది. అది మిణుకు మిణుకుమంటుంటే పిలుస్తోంది, అవతల పలకట్లేదు. ‘లాస్’ లైటు మామూలుగా వెలగకూడదు. అది ఎర్రగా కొట్టుకుంటోందంటే డబ్బాకి కాంతే అందట్లేదు. ఎక్కడో ఫైబర్ కట్. అప్పుడు మీరు రౌటర్‌ను పదిసార్లు ఆఫ్ చేసి ఆన్ చేసినా దండగే, నిచ్చెన వేసుకుని మనిషి రావాల్సిందే.

పాన్ అంటే పాసివ్ ఆప్టికల్ నెట్‌వర్క్. వీధి చివర స్తంభం మీద ‘స్ప్లిటర్’ అనే చిన్న పెట్టె ఒకే పోగులోని కాంతిని 32 ఇళ్లకో, 64 ఇళ్లకో పంచుతుంది. దానికి కరెంటు అక్కర్లేదు, పాసివ్ అనే మాట అందుకే వచ్చింది. ఎక్కువ ఇళ్లలో ఉండే జీపాన్ రకంలో కిందికి వచ్చే వేగం సుమారు 2.5 గిగాబిట్లు. అది ఆ ఇళ్లన్నిటికీ కలిపి. మ్యాచ్ ఉన్న రాత్రి నెట్ నత్తనడక నడవడానికి ఇదొక కారణం.

లైన్‌కి వచ్చే కుర్రాడు చేతిలో చిన్న మీటరు పట్టుకుని "ఆర్ఎక్స్ ఎంత వస్తోంది" అని ఫోన్లో అడగడం వినే ఉంటారు. డబ్బాకి చేరుతున్న కాంతి ఎంతో ఆ అంకె చెబుతుంది. మైనస్‌లో ఉంటుంది. మైనస్ 20 దగ్గర ఉంటే నిశ్చింత. మైనస్ 27 దాటి కిందికి పోతే వస్తూ పోతూ ఉంటుంది. కొన్ని డబ్బాల సెట్టింగ్స్ పేజీలో ఇది మనకూ కనపడుతుంది.

2. డబ్బా తిరగేసి స్టిక్కర్ చదవండి

అడుగున తెల్ల స్టిక్కర్ ఉంటుంది. ఫోన్‌తో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. నా మాట వినండి, ఇది చాలా అవసరం.

దాని మీద రెండు రకాల పాస్‌వర్డ్‌లుంటాయి. చాలామంది వీటిని కలిపేస్తారు. ఒకటి వై-ఫైది, చుట్టాలొస్తే అడిగేది. రెండోది అడ్మిన్‌ది, రౌటర్ లోపలి సెట్టింగ్స్ తెరిచేది. వై-ఫై పేరును స్టిక్కర్ మీద ‘ఎస్ఎస్ఐడీ’ అని రాస్తారు. అంటే ఏమీ లేదు, ఫోన్లో జాబితాలో కనపడే పేరే. దాన్ని దాచిపెడితే భద్రత పెరుగుతుందని కొందరు చెబుతారు. పెద్దగా పెరగదు, ఇంట్లోవాళ్లకి తలనొప్పి మాత్రం పెరుగుతుంది.

‘మ్యాక్ అడ్రస్’ అని 12 అంకెల, అక్షరాల వరస ఉంటుంది, జతలు జతలుగా. ఆ పరికరానికి ఫ్యాక్టరీలో పెట్టిన గుర్తు అది. మీ ఫోనుకీ ఒకటుంది. కాకపోతే ఈ మధ్య ఫోన్లు ఒక్కో వై-ఫైకి ఒక్కో దొంగ మ్యాక్ చూపిస్తున్నాయి, మనల్ని ఎవరూ వెంటాడకుండా. ఆఫీసు వై-ఫైలో "మీ మ్యాక్ రిజిస్టర్ చేశాం, అయినా ఎక్కట్లేదేంటి" అనే గొడవకి మూలం చాలాసార్లు ఇదే.

వెనక రంధ్రాల వరస: ‘ల్యాన్’ అని రాసినవి ఇంట్లోని పరికరాల కోసం. ల్యాన్ అంటే మీ ఇంటి ప్రహరీ లోపలి నెట్‌వర్క్. ‘వ్యాన్’ అంటే ప్రహరీ బయటిది. ఆ రెండింటి మధ్య గేటు దగ్గర నిలబడి లోపలివి లోపలికి, బయటివి బయటికి పంపేవాడే రౌటర్. ‘స్విచ్’ అనే ఇంకో డబ్బా పేరు వింటారు. అది కేవలం ల్యాన్ రంధ్రాలు పెంచే పెట్టె, బయటి ప్రపంచం దానికి తెలియదు.

ఇక సూది పట్టేంత చిన్న చిల్లు, ‘రీసెట్’. దయచేసి దాని జోలికి పోకండి. రీస్టార్ట్ వేరు, రీసెట్ వేరు. రీస్టార్ట్ నిద్రపోయి లేవడం. రీసెట్ పూర్వజన్మ మొత్తం మర్చిపోవడం. నాకు ఈ తేడా సంక్రాంతికి తెలిసింది. మా ఇంట్లో నెట్ మెల్లగా ఉందని పిన్నీసు పెట్టి పది సెకన్లు నొక్కాను. లైట్లన్నీ ఒకసారి వెలిగి ఆరాయి, గర్వంగా నిలబడ్డాను. తర్వాత తెలిసింది, చాలా కనెక్షన్లలో ‘పీపీపీఓఈ’ అని ఒక యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రౌటర్ లోపల రాసి ఉంటాయని, వాటితోనే అది రోజూ ఆపరేటర్ దగ్గర లాగిన్ అవుతుందని. అవి కాస్తా నేనే చెరిపేశాను. మళ్లీ ఎక్కించాల్సిన మనిషి పండక్కి ఊరెళ్లాడు. భోగి, సంక్రాంతి, కనుమ మొబైల్ డేటా మీదే గడిచాయి. మా ఆవిడ ఇప్పటికీ పిన్నీసు కనపడితే నన్ను చూసి నవ్వుతుంది.

కాబట్టి డైరీలో రాయండి: పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్. మీ ఆపరేటర్‌ను ఇవాళే అడిగి రాసుకోండి.

3. ఇప్పుడు గాల్లోకి

వై-ఫై అంటే ‘వైర్‌లెస్ ఫిడిలిటీ’ అని గైడుల్లో ఉంటుంది. పరీక్షలో మార్కు కోసం అలాగే రాయండి, కానీ నిజానికి దానికి పూర్తి రూపం లేదు. 1999లో ఒక బ్రాండింగ్ సంస్థతో పెట్టించుకున్న పేరది, పలకడానికి బాగుంటుందని.

సెట్టింగ్స్‌లో మీ వై-ఫై పేరు పక్కనున్న గేర్ గుర్తు నొక్కండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఫ్రీక్వెన్సీ, సెక్యూరిటీ, ఐపీ అడ్రస్, గేట్‌వే అని వరసగా కనపడతాయి. ముందు ఫ్రీక్వెన్సీ చూడండి. 2.4 గిగాహెర్ట్జ్ అనో, 5 గిగాహెర్ట్జ్ అనో ఉంటుంది. ‘బ్యాండ్’ అంటే ఇదే.

2.4 పాత పెద్దమనిషి. గోడలు దాటి దూరం పోతాడు, కానీ మెల్లగా. పైగా ఆ బ్యాండ్ నిండా జనం. పక్కింటి వై-ఫై, బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు, చివరికి వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ కూడా అక్కడే. ఓవెన్ తిరుగుతున్నప్పుడు వీడియో కాల్ ఆగుతోందంటే మీ భ్రమ కాదు. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది, దారి ఖాళీగా ఉంటుంది, కానీ రెండు గోడలు దాటేసరికి నీరసిస్తుంది. ఒకే గదిలో ఉంటే 5, దూరపు పడకగదికి 2.4. రౌటర్ రెండింటికీ ఒకే పేరు పెట్టి తనే ఎంచుతానంటుంది. నేనైతే వేర్వేరు పేర్లు పెడతాను, ఏది వాడుతున్నానో నాకు తెలియాలి. ఇంకో కారణం కూడా ఉంది. చవక స్మార్ట్ బల్బులు, చాలా సీసీ కెమెరాలు 2.4 మాత్రమే పట్టుకుంటాయి. "కెమెరా వై-ఫైకి ఎక్కట్లేదు" అన్నప్పుడు ఫోన్‌ను ముందు 2.4 పేరుకి మార్చి సెటప్ చేయండి.

‘ఛానెల్’ అంటే ఆ బ్యాండ్ లోపలి గీతలు, రోడ్డు మీద లేన్లలాగా. 2.4లో ఒకదానిమీదొకటి పడకుండా ఉండేవి 1, 6, 11. అపార్ట్‌మెంట్లో అందరూ 6 మీద కూర్చుంటే మీరు 1కో, 11కో జరగండి. 3, 4 లాంటివి పెడితే అటూ ఇటూ ఇద్దరినీ తొక్కుకుంటూ పోయినట్టే.

‘వై-ఫై 5, వై-ఫై 6’ అనేవి తరాలు. 5 అని ఉందని 5 గిగాహెర్ట్జ్ అనుకోకండి, దానికీ దీనికీ సంబంధం లేదు. ఇంతకు ముందు వీటికి 802.11 అని మొదలై చివర ఎన్, ఏసీ, ఏఎక్స్ అని నోరు తిరగని పేర్లుండేవి. 2018లో వై-ఫై అలయన్స్ వాళ్లు ఈ సులువు పేర్లు తెచ్చారు. ఎన్ అంటే 4, ఏసీ అంటే 5, ఏఎక్స్ అంటే 6. కొత్త రౌటర్ కొన్నా ఫోన్ పాత తరానిదైతే ఆ రెండూ పాత భాషలోనే మాట్లాడుకుంటాయి.

ఇక సిగ్నల్. మూడు గీతలు, నాలుగు గీతలు అని చూడకండి, అంకె చూడండి. ప్లే స్టోర్‌లో వై-ఫై ఎనలైజర్ అని వెతికితే వచ్చే ఆప్‌లలో ఏదో ఒకటి దించుకుంటే ‘డీబీఎం’లో చూపిస్తుంది. ఇదీ మైనస్‌లోనే. సున్నాకి దగ్గరగా ఉంటే మంచిది. మైనస్ 50 అంటే బ్రహ్మాండం, మైనస్ 67 దాకా వీడియో కాల్ సాఫీగా నడుస్తుంది, మైనస్ 80 అంటే పేరుకే ఉంది. ఈ లెక్కలో పది తగ్గితే బలం పదో వంతుకి పడిపోతుంది, కాబట్టి చిన్న తేడా కూడా చిన్నది కాదు.

మా అక్క ఇంట్లో ఈ అంకె పట్టుకుని గది గదీ తిరిగాను. హాల్లో మైనస్ 45. పడకగదిలో మంచం మీద మైనస్ 74. మధ్యలో ఉన్నది ఒక్క గోడే. లోపలికెళ్లి చూస్తే గోడకి ఇటు పక్క ఆనించి పెళ్లినాటి ఇనప బీరువా, దాని తలుపుకి నిలువెత్తు అద్దం. ఇనుము వై-ఫైకి గోడలకి గోడ. అద్దం వెనకుండే లోహపు పూత కూడా అంతే, తిప్పికొడుతుంది. రౌటరేమో అటు పక్క టీవీ కింద చెక్క అరలో, సెట్‌టాప్ బాక్సు వెనక నక్కి ఉంది. బీరువాని కదిలించే ధైర్యం ఎవరికీ లేదు కాబట్టి రౌటర్‌నే మూడు మీటర్ల అవతల, తలుపు పైన షెల్ఫులోకి ఎక్కించాం. మంచం మీద మళ్లీ చూస్తే మైనస్ 58. పదహారు తేడా, అంటే దాదాపు 40 రెట్లు బలం, పైసా ఖర్చు లేకుండా. బావ మాత్రం "షెల్ఫులో అది అందంగా లేదురా" అన్నాడు.

రౌటర్‌ను ఎత్తుగా, ఇంటి మధ్యకి, ఫ్రిజ్‌కీ బీరువాకీ అక్వేరియంకీ దూరంగా పెట్టండి. అయినా మేడ మీదికి రాకపోతే రకరకాల డబ్బాలు అమ్మజూపుతారు. ‘రిపీటర్’ అంటే విన్నది మళ్లీ అరిచేది. ఒకే బ్యాండ్ మీద విని, అదే బ్యాండ్ మీద అరిస్తే వేగం సగం పోతుంది. ‘మెష్’ అంటే ఒకే పేరుతో రెండు మూడు డబ్బాలు కలిసి పనిచేయడం. ‘యాక్సెస్ పాయింట్’ అంటే కింద నుంచి ల్యాన్ కేబుల్ లాగి, మేడ మీద వై-ఫైగా మార్చే డబ్బా. నా ఓటు దీనికే. కేబుల్ లాగడం ఒక పూట పని, తర్వాత ఏళ్ల తరబడి ప్రశాంతం.

4. చెప్పుల స్టాండు దగ్గర

గుడికెళ్తే చెప్పుల స్టాండులో టోకెన్ ఇస్తారు కదా. ఇవాళ మీకు 27 రావచ్చు, రేపు ఇంకొకరికి అదే 27. చెప్పులు మీవే, నంబరు మాత్రం తాత్కాలికం. మ్యాక్ అడ్రస్ చెప్పులైతే, ‘ఐపీ అడ్రస్’ టోకెన్. వై-ఫైలోకి వచ్చిన ప్రతి పరికరానికీ టోకెన్ ఇచ్చే పనిని రౌటర్‌లోని ‘డీహెచ్‌సీపీ’ చేస్తుంది. ఇందాక ఫోన్లో చూసిన చోటే మీ ఐపీ ఉంటుంది, 192.168తో మొదలవుతుంది చాలా ఇళ్లలో. అక్కడే ‘గేట్‌వే’ అని 192.168.1.1 లాంటిది ఇంకోటి ఉంటుంది. అది రౌటర్ సొంత నంబరు. కాగితం మీద రాసుకోండి, కాసేపట్లో దీనితో పనుంది.

విండోస్ ల్యాప్‌టాప్‌లో ఐపీ 169.254తో మొదలైందంటే స్టాండులో ఎవరూ టోకెన్ ఇవ్వలేదు, మీ మెషీనే తనకు తాను ఒక నంబరు రాసుకుందని అర్థం. వై-ఫై ఆఫ్ చేసి మళ్లీ కలపండి. కుదరకపోతే రౌటర్ రీస్టార్ట్. రీసెట్ కాదు, మళ్లీ చెబుతున్నా.

అందరిళ్లలోనూ 192.168 అయితే కలగాపులగం అవదా? అవదు. ఊళ్లో ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ 302 ఫ్లాటు ఉంటుంది. బయటివాళ్లకి కావాల్సింది అపార్ట్‌మెంట్ అడ్రసు. లోపల ఏ ఫ్లాటో వాచ్‌మన్ చూసుకుంటాడు. రౌటర్ చేసే ఆ వాచ్‌మన్ పనే ‘న్యాట్’. ఈ ఏర్పాటు లేకపోతే మనకి నంబర్లు చాలవు. పాత ఐపీ పద్ధతిలో మొత్తం నంబర్లు 429 కోట్లే, మనుషుల కంటే తక్కువ. అందుకే చాలా చాలా పెద్ద నంబర్లతో ‘ఐపీవీ6’ వచ్చింది. కొన్ని కంపెనీలు తమ దగ్గర కూడా ఇంకో వాచ్‌మన్‌ను పెడతాయి, ‘సీజీన్యాట్’ అంటారు. ఇంటి కెమెరా రికార్డర్‌ను బయటి నుంచి నేరుగా తెరవబోతే తెరుచుకోకపోవడానికి తరచూ అదే కారణం.

‘డీఎన్ఎస్’ ఇంకొకటి. ఊరికి కొత్తగా వచ్చినవాడు బస్టాండు దగ్గర కిళ్లీ కొట్టులో "ఫలానా మాస్టారి ఇల్లెక్కడండీ" అని అడుగుతాడు. మీ ఫోన్ కూడా ప్రతి వెబ్‌సైటు పేరుకీ నంబరు ఎంత అని ఒక చోట అడుగుతుంది. కొట్టు మూసుంటే మాస్టారి ఇల్లు ఎక్కడికీ పోలేదు, దారి చెప్పేవాడే లేడు. మామూలుగా ఈ కొట్టు మీ ఆపరేటర్‌దే. అది మొరాయిస్తే గూగుల్‌ది 8.8.8.8, క్లౌడ్‌ఫ్లేర్‌ది 1.1.1.1 పెట్టుకోవచ్చు, రెండూ ఉచితమే.

5. పింగ్ కొట్టి చూడండి

అసలు వైద్యం ఇక్కడుంది. ‘పింగ్’ అంటే "ఉన్నావా?" అని కేకేయడం, అవతల నుంచి "ఆఁ" అని రావడానికి ఎంతసేపు పట్టిందో కొలవడం. 1983లో మైక్ ముస్ అనే అమెరికన్ రాసిన చిన్న ప్రోగ్రాం. ఇప్పటికీ నెట్‌వర్క్ ఇంజినీర్లు పొద్దున్నే మొదట కొట్టేది ఇదే.

విండోస్‌లో స్టార్ట్ నొక్కి సీఎండీ అని ఇంగ్లీషులో టైప్ చేస్తే నల్ల కిటికీ వస్తుంది. అందులో ఇంగ్లీషులో పింగ్ అని రాసి, ఒక ఖాళీ వదిలి, నంబరు కొట్టి ఎంటర్ నొక్కండి. ఫోన్లోనూ ఈ పని చేసే ఆప్‌లున్నాయి. మూడు కేకలు వేయాలి, ఇదే వరసలో.

మొదటి కేక గేట్‌వేకి, అంటే మీ రౌటర్‌కి. నాలుగు జవాబులు, ఒక్కోటి కొన్ని మిల్లీసెకన్లలో రావాలి. ‘రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్’ అని వస్తే జబ్బు మీ ఇంట్లోనే, మీకూ రౌటర్‌కీ మధ్య. వై-ఫై సంగతి చూసుకోండి, కంపెనీని తిట్టి లాభం లేదు.

రెండో కేక 8.8.8.8కి. రౌటర్ పలికి ఇది పలకకపోతే ఇల్లు బాగానే ఉంది, బయట తెగింది. పాన్, లాస్ లైట్లు చూడండి. లైట్లు కూడా బాగుంటే పీపీపీఓఈ లాగిన్ కాలేదేమో, లేదా బిల్లు కట్టడం మర్చిపోయారేమో. నవ్వకండి, చాలా ఇళ్లలో ఇదే.

మూడో కేక ఏదైనా వెబ్‌సైటు పేరుకి. 8.8.8.8 పలికి పేరు దొరకలేదంటే కిళ్లీ కొట్టు మూతపడింది, డీఎన్ఎస్ మార్చండి. వాట్సాప్ మెసేజ్‌లు వెళ్తున్నాయి కానీ బ్రౌజర్‌లో ఏ పేజీ తెరుచుకోవట్లేదు అనే వింత కథ వెనక తరచూ ఉండేది ఇదే.

నంబరు తర్వాత ఖాళీ వదిలి హైఫన్, టీ అక్షరం కలిపితే పింగ్ ఆగకుండా కొడుతూనే ఉంటుంది. కంట్రోల్, సీ నొక్కితే ఆగుతుంది. ఒక ఐదు నిమిషాలు వదిలేసి చూడండి. టైము 20, 22, 19 అని నిలకడగా వస్తే మంచి లైను. 20, 300, 25, 180 అని ఎగిరెగిరి పడితే ‘జిట్టర్’. మధ్యమధ్యలో జవాబే రాకపోతే ‘ప్యాకెట్ లాస్’. స్పీడ్ టెస్టులో 100 చూపిస్తూ అమెరికాలో ఉన్న అమ్మాయితో వీడియో కాల్‌లో మాత్రం మాట ముక్కలైపోతుంటే ఈ రెండింటిలో ఒకటి ఉందన్నమాట. స్పీడు ఒక్కటే చూసుకునేవాళ్లకి ఇది అంతుపట్టదు.

6. స్పీడు లెక్క

100 ఎంబీపీఎస్ ప్లాను తీసుకున్నారు. డౌన్‌లోడ్ చేస్తుంటే 12 ఎంబీ అని చూపిస్తోంది. మోసమా? కాదు. ప్లాను బిట్లలో, ఫైలు బైట్లలో. 8 బిట్లు ఒక బైటు. ఇంగ్లీషులో చిన్న బి రాస్తే బిట్, పెద్ద బి రాస్తే బైట్. వందని ఎనిమిదితో భాగించండి, 12.5.

ఫోన్లో టెస్టు చేస్తే 40 వస్తోందా? 2.4 మీద పాత ఫోన్ రౌటర్‌తో కుదుర్చుకునే గరిష్ఠ వేగమే చాలాసార్లు 72. దీన్ని ‘లింక్ స్పీడ్’ అంటారు, వై-ఫై వివరాల్లో ఉంటుంది. అందులో చేతికందేది సగం చిల్లర. ఆపరేటర్‌తో గొడవపడే ముందు ల్యాప్‌టాప్‌ను ల్యాన్ కేబుల్‌తో రౌటర్‌కి కలిపి టెస్టు చేయండి. అప్పుడు వచ్చిన అంకె మీదే గొడవపడండి.

కేబుల్‌లోనూ ఒక మెలిక. దానిలో ఎనిమిది తీగలుంటాయి. 100 ఎంబీపీఎస్‌కి నాలుగు చాలు, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. 300 ప్లానులో ఎన్నిసార్లు చూసినా సరిగ్గా 95 దగ్గర ఆగిపోతుంటే కేబుల్‌లో ఒక తీగ తెగిందో, క్లిప్పు వదులైందో, లేదా డబ్బా రంధ్రమే 100ది అయ్యుండాలి. కొత్తది కొంటే ‘క్యాట్ 6’, లోపల పూర్తి రాగి ఉన్నది అడగండి. అల్యూమినియం మీద రాగి పూత పూసినవి తక్కువకి వస్తాయి, మడతల దగ్గర పుటుక్కుమంటాయి.

7. తప్పు నెట్‌ది కాకపోతే

మూడు కేకలూ బాగానే పలికాయి, ఫోన్లో అంతా నడుస్తోంది, ల్యాప్‌టాప్ మాత్రం మూలుగుతోంది. అప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది.

‘మెమరీ’ 90 శాతం దాటితే ర్యామ్ చాలట్లేదు. వంటింట్లో స్టోర్ రూమ్ ఎంత పెద్దదైనా పొయ్యి పక్కన గట్టు చిన్నదైతే ప్రతిదానికీ లోపలికి పరుగెత్తాలి. గట్టు ర్యామ్, స్టోర్ రూమ్ డిస్కు. బ్రౌజర్‌లో నలభై ట్యాబులు తెరిస్తే గట్టు నిండిపోతుంది. ‘డిస్క్’ ఊరికే 100 శాతం చూపిస్తూ ఉంటే పాత తిరిగే హార్డ్ డిస్క్ అయ్యుంటుంది. దాన్ని తీసి ఎస్ఎస్‌డీ, అంటే లోపల తిరిగేదేమీ లేని డిస్కు, వేయించండి. పాత ల్యాప్‌టాప్‌కి ఇంతకంటే మంచి ఖర్చు నాకు తెలియదు.

8. తాళం

గేర్ గుర్తు దగ్గర ‘సెక్యూరిటీ’ చూశారు కదా. డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 ఉండాలి. ‘డబ్ల్యూఈపీ’ అని ఉంటే అది 2001లోనే బద్దలైన తాళం. ‘డబ్ల్యూపీఎస్’ అని, పాస్‌వర్డ్ లేకుండా కలిపే సౌకర్యం ఉంటుంది, ఆపేయండి. దాని ఎనిమిదంకెల పిన్‌ను ఊహించడం అనుకున్నంత కష్టం కాదని 2011లోనే తేలింది. అడ్మిన్ పాస్‌వర్డ్ ఇంకా అడ్మిన్ అనే ఉంటే ఈ రోజే మార్చండి. చుట్టాలకి, పనివాళ్లకి ‘గెస్ట్ నెట్‌వర్క్’ ఆన్ చేసి ఇస్తే మీ కంప్యూటర్ల జోలికి రాకుండా నెట్ మాత్రం వాడుకుంటారు.

ఈ పాటికి మీ కాగితం నిండి ఉండాలి. దాన్ని రౌటర్ పక్కనే గోడకి అంటించండి, అడ్మిన్ పాస్‌వర్డ్, పీపీపీఓఈ వివరాలు మాత్రం డైరీలో పెట్టుకోండి. ఈసారి నెట్ ఆగితే కస్టమర్ కేర్‌కి ఇలా చెప్పండి: "లాస్ వెలగట్లేదు, పాన్ పచ్చగానే ఉంది. రౌటర్ పింగ్ అవుతోంది, 8.8.8.8 అవట్లేదు. కేబుల్ పెట్టే చూశాను. పీపీపీఓఈ సెషన్ ఉందో లేదో ఒకసారి చూడండి." అవతల ఒక్క క్షణం నిశ్శబ్దం వస్తుంది. తర్వాత ఆఫ్ చేసి ఆన్ చేయమనకుండా పైవాళ్లకి కలుపుతారు.

మొన్న రాత్రి బావ ఫోన్ చేశాడు. "ఒరేయ్, లాస్ ఎర్రగా కొట్టుకుంటోంది, ఫైబర్ కట్. లైన్‌మ్యాన్‌కి చెప్పేశాలే. నీకు చేసింది దానికి కాదు, ఆదివారం భోజనానికి రండి."